స్టాక్ ఎంట్రీ టేబుల్‌లో యారో కీలు దారి తప్పుతున్నాయి, ఫోకస్ ఎక్కడికి పోతోంది?

#1 వరసలవాడు

రియాక్ట్ అనే జావాస్క్రిప్ట్ లైబ్రరీలో రాసిన స్టాక్ ఎంట్రీ స్క్రీన్. 2,000 రోలు (అడ్డ వరసలు), 14 కాలమ్‌లు. రోలన్నీ ఒకేసారి డామ్‌లో (బ్రౌజర్ కట్టుకునే పేజీ చెట్టులో) ఉండవు. ట్యాన్‌స్టాక్ వర్చువల్ అనే లైబ్రరీతో తెరమీద కనిపించేవీ, వాటికి అటూఇటూ ఐదేసీ మాత్రమే రెండర్ అవుతాయి. సరుకు పేరు కాలమ్ ఎడమవైపు పిన్ అయి ఉంటుంది, పైన హెడర్ స్టికీ, స్క్రోల్ చేసినా కదలదు. ఎంట్రీ కొట్టేవాళ్లు మౌస్ ముట్టరు. ఎక్సెల్‌లో లాగే చూడకుండా కొట్టుకుపోతారు.

ఇప్పుడున్న బగ్గులు:

1. ప్రతి సెల్‌కీ ట్యాబ్‌ఇండెక్స్ 0 ఉంది, అంటే ట్యాబ్ కీ ప్రతి సెల్‌లోనూ ఆగుతుంది. టేబుల్ దాటి కింది సేవ్ బటన్ చేరాలంటే ట్యాబ్ వందలసార్లు నొక్కాలి.
2. డౌన్ యారో నొక్కి పట్టుకుంటే ఎక్కడో ఒకచోట ఆగిపోతుంది. ఆ తర్వాత ఏ కీ కొట్టినా ఉలుకూ పలుకూ ఉండదు. మౌస్‌తో క్లిక్ చేస్తేనే మళ్లీ ప్రాణం వస్తుంది.
3. అప్ యారోతో పైకి వస్తే ఫోకస్ ఉన్న (అంటే కీలు అందుకునే) సెల్ హెడర్ కింద దూరిపోతుంది.
4. తెలుగు ఫొనెటిక్‌లో (ఇంగ్లిష్ అక్షరాలతో తెలుగు రాసే పద్ధతి) కొడుతూ సూచనల్లోంచి మాట ఎంచుకోవడానికి ఎంటర్ కొడితే సెల్ సేవ్ అయిపోయి కింది రోకి దూకుతుంది. మొదటి అక్షరం ఇంగ్లిష్‌లోనే పడిపోతుంది.
5. సెల్‌లోని డ్రాప్‌డౌన్ తెరిచి డౌన్ యారో కొడితే జాబితా కదులుతుంది, వెనకాల టేబుల్ కూడా కదులుతుంది.
6. సార్ట్ చేశాక ఫోకస్ వేరే సరుకు మీదికి పోతుంది.

ప్రతి సెల్‌కీ విడివిడిగా కీడౌన్ హ్యాండ్లర్ (కీ నొక్కగానే నడిచే కోడ్) ఉంది. అందులో నెక్స్ట్‌ఎలిమెంట్‌సిబ్లింగ్ (డామ్‌లో పక్క ఎలిమెంట్) పట్టుకుని ఫోకస్ పిలవడం, అంతే. ఎక్కడ మొదలుపెట్టాలి?

#2 ట్యాబ్_తాతయ్య

ముందు ఫోకస్ ఎటు పోతోందో కళ్లారా చూడండి. క్రోమ్ డెవ్‌టూల్స్ కన్సోల్‌లో కన్ను బొమ్మ నొక్కి లైవ్ ఎక్స్‌ప్రెషన్‌గా డాక్యుమెంట్ డాట్ యాక్టివ్‌ఎలిమెంట్ (ఇప్పుడు ఫోకస్ ఉన్న ఎలిమెంట్) పెట్టండి. ఇప్పుడు డౌన్ యారో పట్టుకోండి. కీలు చచ్చిపోయిన క్షణంలో అక్కడ బాడీ అని కనిపిస్తే మీ రెండో బగ్గు దొరికినట్టే. ఫోకస్ ఉన్న రోని వర్చువలైజర్ డామ్‌లోంచి పీకేసింది, ఫోకస్ బాడీ మీద పడింది, బాడీకి మీ హ్యాండ్లర్ లేదు.

మీ ఆరు బగ్గుల్లో నాలుగింటికి వేరు ఒకటే. "ఇప్పుడు ఏ సెల్‌లో ఉన్నాం" అన్న సంగతి మీ కోడ్‌కి తెలియదు, డామ్‌ని అడుగుతోంది. వర్చువలైజర్, సార్ట్, పిన్ చేసిన కాలమ్ మూడూ డామ్‌ని ఇష్టమొచ్చినట్టు మారుస్తాయి. అందుకని స్థానాన్ని మీ స్టేట్‌లో (కోడ్ గుర్తుపెట్టుకునే విలువల్లో) పెట్టుకోండి. మూడే విలువలు చాలు: రో ఐడీ, కాలమ్ ఐడీ, మోడ్. ఐడీ అన్నాను, ఇండెక్స్ అనలేదు. సార్ట్ చేసినా ఫిల్టర్ చేసినా ఐడీ మారదు కాబట్టి ఆరో బగ్గు అక్కడే పోతుంది. యారో కొట్టినప్పుడు మాత్రం "ఇప్పుడు కనిపించే వరసలో ఈ ఐడీ ఎన్నోది" అని చూసి, పక్కదాని ఐడీ తీసుకోవాలి.

సెల్‌కొక హ్యాండ్లర్ తీసేసి గ్రిడ్ బయటి ఎలిమెంట్‌కి ఒక్కటే పెట్టండి. ట్యాబ్‌ఇండెక్స్ 0 యాక్టివ్ సెల్‌కి మాత్రమే, మిగతావన్నీ మైనస్ 1 (ట్యాబ్ అక్కడ ఆగదు, కోడ్ మాత్రం ఫోకస్ ఇవ్వగలదు). సెల్ లోపలున్న బటన్లు, లింకులు కూడా మైనస్ 1. చాలామంది ఇక్కడే మర్చిపోతారు. సెల్స్ సరిచేసి, ప్రతి రోలోని డిలీట్ బటన్‌ని అలాగే వదిలేస్తే ట్యాబ్ మళ్లీ రోరోకీ ఆగుతుంది.

#3 నల్లతెర

రెండో బగ్గుకి: ట్యాన్‌స్టాక్ వర్చువల్‌లో రేంజ్‌ఎక్స్‌ట్రాక్టర్ అని ఒక ఆప్షన్ ఉంది. ఏ ఇండెక్సులు రెండర్ చెయ్యాలో ఆ ఫంక్షన్ తిరిగి ఇస్తుంది. మామూలు రేంజ్‌కి యాక్టివ్ రో ఇండెక్స్ కూడా కలిపి, డూప్లికేట్లు తీసేసి, వరసలో పెట్టి ఇచ్చేయండి. అప్పుడు మౌస్ చక్రంతో ఎంత దూరం తిప్పినా ఫోకస్ ఉన్న రో డామ్‌లోనే ఉంటుంది. ఒక్క రోనే కాబట్టి బరువేమీ పెరగదు.

కంట్రోల్+ఎండ్ కొట్టి 5వ రో నుంచి 2,000వ రోకి దూకితే మాత్రం పాత రో పోవడం, కొత్తది రావడం ఒకే రెండర్‌లో జరుగుతాయి. కాబట్టి ఫోకస్‌ని కీడౌన్ హ్యాండ్లర్‌లో పిలవకండి, అప్పటికి ఆ సెల్ పుట్టి ఉండదు. యూజ్‌లేఅవుట్‌ఎఫెక్ట్‌లో (రెండర్ కాగానే రియాక్ట్ నడిపే కోడ్), యాక్టివ్ సెల్ డామ్‌లోకి వచ్చాక పిలవాలి. సెట్‌టైమ్‌అవుట్ 0 పెట్టి గట్టెక్కించిన కోడ్ చాలాచోట్ల కనిపిస్తుంది. కీ రిపీట్ వేగంగా ఉంటే అది తప్పకుండా గురి తప్పుతుంది.

ఇందులో ఇంకో గోతి ఉంది. ఎఫెక్ట్ ఎప్పుడు నడిచినా ఫోకస్ లాక్కుంటే, సర్వర్ నుంచి డేటా రిఫ్రెష్ అయిన ప్రతిసారీ పైన సెర్చ్ బాక్స్‌లో టైప్ చేస్తున్నవాడి చేతిలోంచి ఫోకస్ ఊడిపోయి గ్రిడ్‌లోకి వస్తుంది. "ఫోకస్ గ్రిడ్‌లో ఉందా" అని ఒక రెఫ్ (మారినా మళ్లీ రెండర్ చేయించని విలువ) పెట్టుకోండి. ఫోకస్‌ఇన్‌లో ట్రూ. ఫోకస్‌అవుట్‌లో రిలేటెడ్‌టార్గెట్ (ఫోకస్ వెళ్లే చోటు) గ్రిడ్ బయటి ఎలిమెంట్ అయితేనే ఫాల్స్. రిలేటెడ్‌టార్గెట్ నల్ అయితే ముట్టుకోకండి. రో పీకేసినప్పుడూ, ఆల్ట్+ట్యాబ్‌తో వేరే విండోకి వెళ్లినప్పుడూ నల్లే వస్తుంది. ఖాళీ చోట క్లిక్ చేసిన సందర్భానికి డాక్యుమెంట్ మీద పాయింటర్‌డౌన్ చూసుకుంటే చాలు.

#4 సెమీకోలన్

ఇంత తంటా ఎందుకు? ఫోకస్‌ని గ్రిడ్ బయటి ఎలిమెంట్ మీదే ఉంచేసి, ఆరియా-యాక్టివ్‌డిసెండెంట్‌లో (తెరని చదివి వినిపించే స్క్రీన్ రీడర్‌కి ఏది యాక్టివో చెప్పే గుర్తు) యాక్టివ్ సెల్ ఐడీ రాస్తే పోలా? రో డామ్‌లోంచి పోయినా ఫోకస్ పోదు. కీలు ఎప్పుడూ ఒకేచోట అందుతాయి.

#5 చెవితో_చదివే

సెమీకోలన్ గారూ, కీలు అందుతాయి, నిజమే. కానీ ఆ ఐడీ ఉన్న ఎలిమెంట్ డామ్‌లో లేకపోతే స్క్రీన్ రీడర్‌కి చెప్పడానికి ఏమీ ఉండదు, మౌనం. అంటే రోని డామ్‌లో నిలబెట్టే పని ఎలాగూ తప్పదు. పైగా యాక్టివ్‌డిసెండెంట్ మారితే బ్రౌజర్ తనంతట తాను స్క్రోల్ చెయ్యదు. కనిపించే ఫోకస్ గీత కూడా మీరే గీసుకోవాలి. మ్యాక్‌లోని స్క్రీన్ రీడర్ వాయిస్‌ఓవర్ దాన్ని విండోస్‌లోని ఎన్‌వీడీఏ అంత నమ్మకంగా పట్టుకోదు. కాంబోబాక్స్‌లో (టైప్ చేస్తే జాబితా చూపే పెట్టె) ఆ పద్ధతి సరైనదే, ఎందుకంటే అక్కడ ఫోకస్ టెక్స్ట్ పెట్టెలోనే ఉండి తీరాలి. గ్రిడ్‌కి మాత్రం తాతయ్య గారు చెప్పినట్టు ట్యాబ్‌ఇండెక్స్ తిప్పుకుంటూ పోవడమే మేలు.

#6 సెమీకోలన్

స్క్రోల్ సంగతి ఆలోచించలేదు. ఒప్పుకున్నా.

#7 గోదారిగట్టు

నాలుగో బగ్గు గురించి. ఇందులో రెండు వేర్వేరు బగ్గులున్నాయి, కలిపి చూస్తే ఏదీ తెగదు.

మొదటిది ఎంటర్. ఫొనెటిక్‌లో మాట ఇంకా కుదురుతుండగా కొట్టే ఎంటర్, యారోలు, ఎస్కేప్ అన్నీ ఐఎంఈవి (కొట్టిన కీలని తెలుగు అక్షరాలుగా మార్చే ప్రోగ్రామ్‌వి), మీవి కావు. ఆ సమయంలో కీడౌన్ ఈవెంట్‌లో ఈజ్‌కంపోజింగ్ ట్రూ ఉంటుంది. హ్యాండ్లర్ మొదటి లైన్‌లోనే అది చూసి రిటర్న్ అయిపోవాలి. రియాక్ట్‌లో ఒక చిక్కు: రియాక్ట్ ఇచ్చే ఈవెంట్‌లో ఆ ప్రాపర్టీ ఉండదు, నేటివ్‌ఈవెంట్‌లోంచి తీసుకోవాలి. నేరుగా అడిగితే అన్‌డిఫైన్డ్ వస్తుంది, ఎర్రర్ రాదు, చెక్ పనిచేస్తున్నట్టే అనిపిస్తుంది. సఫారీలో కంపోజిషన్‌ఎండ్ (మాట కుదరడం అయిపోయిందన్న ఈవెంట్) ముందు వచ్చి ఆ తర్వాత ఎంటర్ కీడౌన్ వస్తుంది, అప్పటికి ఈజ్‌కంపోజింగ్ ఫాల్స్ అయిపోతుంది. కానీ కీకోడ్ 229గానే (కీ ఐఎంఈ చేతిలో ఉందన్న అంకె) ఉంటుంది. అందుకని రెండూ చూడాలి: ఈజ్‌కంపోజింగ్ ట్రూ అయినా, కీకోడ్ 229 అయినా వదిలెయ్యండి. కీకోడ్ పాతబడింది వాడొద్దు అని లింటర్ (కోడ్‌లో తప్పులు చూపే సాధనం) అరుస్తుంది. ఈ ఒక్కచోట అరవనివ్వండి.

రెండోది మొదటి అక్షరం. "కృష్ణ" అని కొడితే ఇంగ్లిష్ కె ఒక్కటీ విడిగా పడి, దాని వెనక "రిష్ణ" వస్తోంది కదా? ఫోకస్ మామూలు డివ్ మీదో టీడీ మీదో ఉన్నంతసేపూ అక్కడ టైప్ చేసే చోటు లేదు కాబట్టి బ్రౌజర్ ఐఎంఈని ఆపి ఉంచుతుంది. మీరు కొట్టిన మొదటి కీ పచ్చి కె గానే వస్తుంది. మీ కోడ్ దాన్ని చూసి ఇన్‌పుట్ తెరుస్తుంది, ఆ కె అందులో పడుతుంది, అప్పుడు ఐఎంఈ మేలుకుంటుంది. ఇంగ్లిష్‌లో కొట్టేవాళ్లకి తేడా తెలియదు. తెలుగు, హిందీ, జపనీస్ కొట్టేవాళ్లకి ప్రతి మాటా పాడవుతుంది.

దీనికి మందు: తెలుగు పడే కాలమ్‌లలో యాక్టివ్ సెల్ లోపల నిజమైన ఇన్‌పుట్ ఎప్పుడూ ఉండాలి, ఫోకస్ దాని మీదే ఉండాలి. సెల్ విలువ అందులో ఉంచి, ఫోకస్ రాగానే మొత్తం సెలెక్ట్ చెయ్యండి. టైప్ చేస్తే పాతది పోయి కొత్తది పడుతుంది, ఎక్సెల్‌లో జరిగేది అదే. యారోలని మీ హ్యాండ్లర్ అడ్డుకుంటుంది. ఎస్కేప్ కొడితే పాత విలువ పెట్టి మళ్లీ మొత్తం సెలెక్ట్. అంకెల కాలమ్‌లకి ఇంత అక్కర్లేదు. అంకె కొట్టిన కీడౌన్‌లోనే ఇన్‌పుట్‌ని ఫ్లష్‌సింక్‌తో వెంటనే మౌంట్ చేసి ఫోకస్ ఇస్తే, ఆ అంకె దానంతటదే అందులో పడుతుంది. ఈవెంట్ డాట్ కీ తీసుకుని విలువలో అతికించే పని చెయ్యకండి.

#8 చెవితో_చదివే

ఇన్‌పుట్ ఎప్పుడూ ఉండే పద్ధతిలో ఒక జాగ్రత్త. ఆరియా-లేబుల్‌లో కాలమ్ పేరు పెట్టండి, లేకపోతే ప్రతి సెల్‌లోనూ స్క్రీన్ రీడర్ "ఎడిట్" అని తప్ప ఇంకేం చెప్పదు. కొందరు ఇన్‌పుట్‌ని ఖాళీగా, ఒపాసిటీ 0తో సెల్ మీద పరుస్తారు. అప్పుడు వినేవాళ్లకి 2,000 రోలూ ఖాళీయే. గోదారిగట్టు గారు చెప్పినట్టు విలువ అందులోనే ఉంటే ఆ గొడవ లేదు.

#9 ట్యాబ్_తాతయ్య

మోడ్ గురించి ఒక్కమాట. రెండు మోడ్‌లు, కదలడం, ఎడిట్ చెయ్యడం, అనుకుని రాస్తే ఎక్సెల్ చేతులున్నవాళ్లు నాలుగు రోజుల్లో మీ మీద పడతారు. ఎక్సెల్‌లో మీకు కావలసినవి మూడున్నాయి, కింద స్టేటస్ బార్ ఎడమ మూల చూడండి. సెల్ మీద ఊరికే ఉంటే రెడీ. నేరుగా టైప్ మొదలుపెడితే ఎంటర్ (ఇది మోడ్ పేరు, కీ కాదు). ఎఫ్2 కొడితే ఎడిట్. ఎంటర్ మోడ్‌లో రైట్ యారో కొడితే విలువ సేవ్ అయి పక్క సెల్‌కి పోతుంది. ఎడిట్ మోడ్‌లో అదే రైట్ యారో అక్షరాల మధ్య కర్సర్‌ని జరుపుతుంది. ఎంట్రీ వేగమంతా ఆ ఎంటర్ మోడ్‌లోనే ఉంది.

ఆరియా (పేజీని స్క్రీన్ రీడర్లకి అర్థమయ్యేలా చేసే ప్రమాణం) గ్రిడ్ పద్ధతిలో ఎఫ్2, ఎంటర్, ఎస్కేప్ గురించి చెబుతారు. ఎంటర్ కొడితే సెల్ లోపలికి వెళ్లడం అందులోని మాట. ఎక్సెల్ అలవాటులో ఎంటర్ అంటే కిందికి. మీ వాళ్లు ఎక్సెల్ నుంచి వస్తున్నారు కాబట్టి కిందికే పోనివ్వండి, లోపలికి వెళ్లడానికి ఎఫ్2 ఉంచండి. డ్రాప్‌డౌన్ కాలమ్‌లో ఆల్ట్+డౌన్ తెరవాలి. మిగతావి: హోమ్, ఎండ్ రోలో మొదలు, చివర. కంట్రోల్‌తో కలిపితే మొత్తం టేబుల్ మొదలు, చివర. పేజ్‌డౌన్ తెరమీద పట్టే రోల లెక్కలోంచి ఒకటి తీసేసినంత. పాత చివరి రో పైన కనిపిస్తూ ఉంటే కన్ను తప్పదు.

ప్రివెంట్‌డిఫాల్ట్ (బ్రౌజర్ మామూలుగా చేసే పనిని ఆపడం) మీరు నిజంగా వాడుకున్న కీకి మాత్రమే. అన్నిటికీ పెట్టేస్తే ట్యాబ్, ఎఫ్5 కూడా చస్తాయి. అసలు పెట్టకపోతే యారో కొట్టినప్పుడు సెల్‌తో పాటు స్క్రోల్ పెట్టె కూడా విడిగా జరుగుతుంది.

#10 నల్లతెర

ఐదో బగ్గు: డ్రాప్‌డౌన్ జాబితాని పోర్టల్‌లో (డామ్‌లో వేరేచోట రెండర్ చేసే రియాక్ట్ పద్ధతి) పెట్టారా? డామ్‌లో అది బాడీ కింద ఉన్నా, రియాక్ట్ ఈవెంట్లు రియాక్ట్ చెట్టు వెంట పైకి పాకుతాయి. జాబితాలో కొట్టిన డౌన్ యారో గ్రిడ్ హ్యాండ్లర్‌కీ చేరుతుంది. గ్రిడ్ హ్యాండ్లర్‌లో కరెంట్‌టార్గెట్, టార్గెట్‌ని కంటెయిన్ చేస్తోందా అని అడగండి. పోర్టల్‌లోంచి వస్తే ఫాల్స్ వస్తుంది, వదిలెయ్యండి. జాబితా సెల్ లోపలే రెండర్ అయితే డిఫాల్ట్‌ప్రివెంటెడ్ చూడండి, జాబితా ముందే వాడుకుని ఉంటే ట్రూ ఉంటుంది. స్టాప్‌ప్రొపగేషన్ పెడితే కూడా ఆగుతుంది కానీ, డాక్యుమెంట్ మీద వినే షార్ట్‌కట్‌లు కూడా మూగబోతాయి.

ఎస్కేప్‌దీ ఇదే కథ. టేబుల్ ఒక డైలాగ్‌లో ఉంటే, ఎడిట్ రద్దు చెయ్యడానికి కొట్టిన ఎస్కేప్ డైలాగ్‌నే మూసేస్తుంది. కొట్టిన ఎంట్రీలన్నీ పోతాయి. ఎస్కేప్ ఎవరికి అవసరమో లోపలి నుంచి బయటికి వరసగా తేలాలి: జాబితా, సెల్, డైలాగ్.

#11 వరసలవాడు

అందరికీ ధన్యవాదాలు. స్టేట్, రేంజ్‌ఎక్స్‌ట్రాక్టర్, ఒకే హ్యాండ్లర్, పోర్టల్ చెక్ పెట్టాక 1, 2, 5, 6 పోయాయి. ఫొనెటిక్ ఎంటర్ కూడా సరైంది. కొత్తవి మూడు బయటపడ్డాయి.

డౌన్ యారో పట్టుకుంటే ఇప్పుడు ఆగదు కానీ, పది కొట్టులకి ఆరేడు రోలే కదులుతుంది. పైనున్న సెల్‌తో నింపే కంట్రోల్+డి, ఇన్‌స్క్రిప్ట్‌లో (భారతీయ భాషల కీబోర్డు లేఅవుట్) కొట్టేవాళ్లకి పనిచెయ్యదు. రూపాయి గుర్తు కొట్టబోతే నాలుగో ట్యాబ్ తెరుచుకుంటోంది (మా స్క్రీన్‌లో కంట్రోల్+4 అంటే నాలుగో ట్యాబ్).

#12 గోదారిగట్టు

కంట్రోల్+డి: ఇన్‌స్క్రిప్ట్‌లో డి కీ మీద పొల్లు ఉంటుంది. ఈవెంట్ డాట్ కీలో మీకు "డి" రాదు, "్" వస్తుంది. అలాగే సి కీ మీద "మ", వి కీ మీద "న". కాబట్టి కీతో పోల్చి చూసే షార్ట్‌కట్‌లన్నీ పడిపోతాయి. ఈవెంట్ డాట్ కోడ్ అయితే కీబోర్డు మీది భౌతికమైన చోటు చెబుతుంది, లేఅవుట్ ఏదైనా "కీడి" అనే వస్తుంది. అలాగని అంతా కోడ్‌కి మార్చేస్తే ఫ్రెంచి కీబోర్డులో ఎ, క్యూ తారుమారవుతాయి. క్రమం ఇలా పెట్టండి: కీ విలువ ఇంగ్లిష్ అక్షరమైతే దాన్నే నమ్మండి, కాకపోతే కోడ్ చూడండి.

రూపాయి: విండోస్‌లో ఇంగ్లిష్ (ఇండియా) లేఅవుట్‌లో కుడి ఆల్ట్+4 కొడితే ₹ వస్తుంది. విండోస్ ఆ కుడి ఆల్ట్‌ని కంట్రోల్, ఆల్ట్ రెండూ కలిపి నొక్కినట్టు చూపిస్తుంది. మీరు కంట్రోల్‌కీ ఒక్కటే చూస్తున్నారు. ఆల్ట్‌కీ ఫాల్స్ అని కూడా అడగండి. ఇంకా గట్టిగా కావాలంటే గెట్‌మాడిఫయర్‌స్టేట్‌కి ఆల్ట్‌గ్రాఫ్ ఇచ్చి ట్రూ వస్తే షార్ట్‌కట్ జోలికే పోకండి.

ఇంకోటి, "ఒక్క అక్షరం కొట్టారా" అని తెలుసుకోవడానికి కీ లెంగ్త్ 1 ఉందా అని చూసే అలవాటు ఉంది. ఇన్‌స్క్రిప్ట్‌లో క్ష, జ్ఞ, త్ర ఒక్క కీతో పడతాయి. యూనికోడ్‌లో "క్ష" మూడు అక్షరాలు: క, పొల్లు, ష. ఆ చెక్ మీద ఎడిట్ తెరవడం పెట్టుకోకండి, ఇన్‌పుట్ ఈవెంట్ మీద పెట్టుకోండి. ఆండ్రాయిడ్‌లో జీబోర్డ్ దాదాపు అన్ని కీలకీ 229 ఇస్తుంది కాబట్టి అక్కడ ఇన్‌పుట్ ఈవెంట్ తప్ప గతి లేదు.

#13 నల్లతెర

పది కొట్టులకి ఆరు: హ్యాండ్లర్ పాత స్టేట్‌ని పట్టుకుని ఉంది. ఒక రెండర్ పూర్తయ్యేలోపు రెండు కీలు వస్తే రెండూ "7 నుంచి 8కి" అనే లెక్కేస్తాయి. సెట్‌స్టేట్‌కి విలువ ఇవ్వకుండా ఫంక్షన్ ఇవ్వండి, లేదా స్థానాన్ని రెఫ్‌లో ఉంచి అక్కడే మార్చి, రెండర్‌ని వెనకాల రానివ్వండి. రెండర్‌ బరువు కూడా చూడండి. యాక్టివ్ సెల్ మారినప్పుడల్లా తెరమీదున్న రోలన్నీ మళ్లీ రెండర్ అవుతుంటే మెమో (మారని రోని మళ్లీ రెండర్ కాకుండా ఆపేది) పెట్టి, ప్రతి రోకీ "నేను యాక్టివ్‌నా, అయితే ఏ కాలమ్" అన్న ఒక్క ప్రాప్ మాత్రమే పంపండి. అప్పుడు పాత రో, కొత్త రో రెండే కదులుతాయి.

హెడర్ కింద దూరడం (మూడోది) ఇంకా ఉందా?

#14 వరసలవాడు

ఉంది. ఎడమవైపు కూడా అంతే. లెఫ్ట్ యారో కొడితే సెల్ పిన్ కాలమ్ కింద నక్కుతుంది.

#15 ట్యాబ్_తాతయ్య

స్క్రోల్ అయ్యే పెట్టెకి సీఎస్ఎస్‌లో స్క్రోల్-ప్యాడింగ్-టాప్ హెడర్ ఎత్తంత, స్క్రోల్-ప్యాడింగ్-లెఫ్ట్ పిన్ కాలమ్ వెడల్పంత ఇవ్వండి. హెడర్ 40 పిక్సెల్స్, పిన్ 220 అయితే అవే అంకెలు. కాలమ్ వెడల్పు లాగి మార్చే వీలుంటే ఆ విలువని సీఎస్ఎస్ వేరియబుల్‌లో పెట్టి రెండుచోట్లా అదే వాడండి. తర్వాత ఫోకస్‌ని ప్రివెంట్‌స్క్రోల్ ట్రూతో పిలిచి, స్క్రోల్‌ఇంటూవ్యూని బ్లాక్ నియరెస్ట్, ఇన్‌లైన్ నియరెస్ట్‌తో పిలవండి. ప్రివెంట్‌స్క్రోల్ లేకపోతే బ్రౌజర్ ఒకసారి, మీరు ఒకసారి స్క్రోల్ చేసి తెర కుదుపుతుంది. పిన్ కాలమ్‌లోని సెల్‌కి మాత్రం అడ్డంగా స్క్రోల్ చెయ్యకండి, అది ఎప్పుడూ కనిపిస్తూనే ఉంటుంది.

స్మూత్ స్క్రోల్ ఉంటే తీసెయ్యండి. కీ పట్టుకున్నప్పుడు ఒక యానిమేషన్ పూర్తవకముందే ఇంకోటి మొదలై సెల్ తెర వెనకే ఉండిపోతుంది.

ఇది అందం కోసం చెప్పే మాట కాదు. 2023 అక్టోబర్ 5న వచ్చిన డబ్ల్యూక్యాగ్ (వెబ్ అందరికీ అందుబాటులో ఉండటానికి పెట్టిన ప్రమాణాలు) 2.2లో 2.4.11 నియమం, ఏఏ స్థాయి, సరిగ్గా దీని గురించే: ఫోకస్ ఉన్న భాగం మీరు పెట్టిన ఇంకో భాగం వెనక పూర్తిగా దాక్కోకూడదు.

#16 మాక్‌మావయ్య

మ్యాక్ వాళ్లని మర్చిపోకండి. కంట్రోల్+యారోలు చాలా వరకు సిస్టమే మింగేస్తుంది, డెస్క్‌టాప్‌లు మార్చడానికి. కమాండ్ కీ మెటాకీగా వస్తుంది. లాప్‌టాప్‌లో హోమ్, ఎండ్ కీలు లేవు, ఎఫ్ఎన్+లెఫ్ట్, ఎఫ్ఎన్+రైట్ కొడితే అవే ఈవెంట్లు వస్తాయి కాబట్టి విడిగా చెయ్యాల్సింది లేదు.

సఫారీలో బటన్‌ని మౌస్‌తో నొక్కితే బటన్‌కి ఫోకస్ రాదు. సెల్‌లోని బటన్ నొక్కితే ఫోకస్ పైనున్న సెల్‌కో, ఏమీ లేకపోతే బాడీకో పోతుంది. ఫోకస్‌ఇన్ మీద ఆధారపడి యాక్టివ్ సెల్ మార్చే కోడ్ అక్కడ తప్పుతుంది. పాయింటర్‌డౌన్‌లో కూడా యాక్టివ్ సెల్ పెట్టుకోండి.

#17 వరసలవాడు

మావయ్య గారూ, ఇంకో చిన్న సందేహం. ట్యాబ్ కొట్టి గ్రిడ్‌లోకి వచ్చేటప్పుడు మధ్యలో ఒక అదనపు స్టాప్ వస్తోంది. ఏ సెల్ మీదా ఉండదు, టేబుల్ చుట్టూ గీత పడుతుంది. ఫైర్‌ఫాక్స్‌లో.

#18 మాక్‌మావయ్య

స్క్రోల్ అయ్యే పెట్టె అది. ఫైర్‌ఫాక్స్ దాన్ని కీబోర్డుతో స్క్రోల్ చేసుకోవడానికి వీలుగా ట్యాబ్ వరసలో చేరుస్తుంది. క్రోమ్ 130 నుంచీ చేరుస్తోంది, కాకపోతే లోపల ఫోకస్ అందుకునేది ఏదీ లేనప్పుడే. మీ గ్రిడ్‌లో యాక్టివ్ సెల్ ఎప్పుడూ ఉంటుంది కాబట్టి పెట్టెకి ట్యాబ్‌ఇండెక్స్ మైనస్ 1 ఇచ్చేయండి. క్రోమ్‌లో కూడా ఆ స్టాప్ కనిపించిందంటే, ఏ సెల్‌కీ 0 లేదని అర్థం. ఫిల్టర్‌లో యాక్టివ్ రో ఎగిరిపోయిందేమో చూడండి.

#19 చెవితో_చదివే

ఆ చివరి మాట ముఖ్యం. ఫిల్టర్ చేసినా, రో డిలీట్ చేసినా యాక్టివ్ ఐడీకి గూడు లేకుండా పోతుంది. డిలీట్ అయితే అదే కాలమ్‌లో కింది రో, అది లేకపోతే పై రో, అదీ లేకపోతే "కొత్త రో" బటన్. డిలీట్ చెయ్యకముందే పక్క ఐడీ లెక్కగట్టుకోండి, చేశాక వెతికితే దొరకదు.

ఆరియా సంగతి కూడా ఇక్కడే చెబుతా. బయట రోల్ (ఆ భాగం ఏమిటో స్క్రీన్ రీడర్‌కి చెప్పే గుర్తు) గ్రిడ్, లోపల రో, గ్రిడ్‌సెల్, హెడర్లకి కాలమ్‌హెడర్, సరుకు పేరుకి రోహెడర్. డామ్‌లో 30 రోలే ఉన్నాయి కాబట్టి ఆరియా-రోకౌంట్ రాయకపోతే "30లో 12" అన్న తప్పు లెక్క వినిపిస్తుంది. హెడర్ కూడా ఒక రోనే, కనుక రోకౌంట్ 2001, హెడర్ రోఇండెక్స్ 1, మొదటి సరుకు 2. సున్నా నుంచి లెక్క మొదలుపెట్టడం ఇక్కడ అందరూ చేసే తప్పు. ఫిల్టర్ చేస్తే రోకౌంట్ మార్చండి. పిన్ కాలమ్‌ని వేరే డివ్‌లో పెట్టారా? పెడితే ఒకే రో రెండు రోలుగా వినిపిస్తుంది. పొజిషన్ స్టికీతో అదే రోలో ఉంచండి.

సరిచూడటానికి ఎన్‌వీడీఏ ఉచితం. అందులో స్పీచ్ వ్యూయర్ తెరిస్తే పలికేదంతా అక్షరాల్లో కనిపిస్తుంది. గ్రిడ్‌లోకి రాగానే అది ఫోకస్ మోడ్‌కి (కీలని పేజీకే వదిలే మోడ్) మారాలి. మారకపోతే యారోలు మీ కోడ్‌కి చేరవు, రోల్ ఎక్కడో తప్పిందన్నమాట. కూడా వచ్చే ఈస్పీక్ గొంతులో తెలుగు ఉంది, సరుకు పేర్లు ఎలా పలుకుతుందో వినండి.

#20 సెమీకోలన్

అడగొచ్చో లేదో, మామూలు టేబుల్ పెట్టి ప్రతి సెల్‌లో ఇన్‌పుట్ పెట్టేస్తే ఈ బాధలన్నీ ఉంటాయా?

#21 ట్యాబ్_తాతయ్య

అడగాల్సిన ప్రశ్నే. 20 రోలు, 4 కాలమ్‌లు ఉన్న బిల్లు అయితే అలాగే చెయ్యండి, గ్రిడ్ రోల్ జోలికే పోవద్దు. ఊరికే చూపించే టేబుల్‌కి కూడా అంతే. స్క్రీన్ రీడర్‌లో కంట్రోల్+ఆల్ట్+యారోలతో టేబుల్ చదువుకునే సౌకర్యం ముందే ఉంది. మీరు గ్రిడ్ అని రోల్ పెట్టి కీలు రాయకపోతే ఉన్న సౌకర్యం పోతుంది. 2,000 రోల ఎంట్రీకి మాత్రం ఈ పని తప్పదు.

#22 గోదారిగట్టు

ఉర్దూ స్క్రీన్ కూడా ఉంటే (తెలంగాణలో రెండో అధికార భాష కదా, ప్రభుత్వ పనుల్లో అడుగుతారు) కుడి నుంచి ఎడమకి నడిచే లేఅవుట్‌లో లెఫ్ట్ యారో అంటే తర్వాతి కాలమ్. "లెఫ్ట్ అంటే ఇండెక్స్ మైనస్ 1" అని రాసినచోట డైరెక్షన్ చూసి గుర్తు తిప్పండి. హోమ్, ఎండ్‌ని తిప్పకండి. హోమ్ అంటే రో మొదలు, అది కుడివైపున ఉంటుంది, అంతే.

#23 నల్లతెర

టెస్టులు రాసేటప్పుడు జేఎస్‌డామ్‌ని (బ్రౌజర్ లేకుండా డామ్‌ని అనుకరించే లైబ్రరీ) నమ్ముకోవద్దు. అందులో లేఅవుట్ లేదు, స్క్రోల్‌ఇంటూవ్యూ అసలే లేదు, పిలిస్తే ఫంక్షన్ కాదని ఎర్రర్ వస్తుంది. అక్కడ దాన్ని మాక్ చేసి (ఉత్తుత్తి ఫంక్షన్ పెట్టి) పాస్ చేయించిన టెస్టు మూడో బగ్గుని జన్మలో పట్టుకోదు. ప్లేరైట్ అనే టెస్టింగ్ సాధనంలో నిజం బ్రౌజర్ మీద రాయండి. ఈ నాలుగు ముందు:

డౌన్ యారో 300 సార్లు, మధ్యలో ఆగకుండా. చివర ఫోకస్ ఉన్న సెల్ రోఇండెక్స్ మొదలున్న దానికంటే సరిగ్గా 300 ఎక్కువ ఉండాలి.

అక్కణ్నుంచి అప్ యారో 300 సార్లు. ప్రతి అడుగులో సెల్ పై అంచు హెడర్ కింది అంచు కంటే కిందే ఉండాలి.

మౌస్ చక్రంతో 20,000 పిక్సెల్స్ కిందికి తిప్పి, ఒక్క డౌన్ యారో. తెర వెనక్కి వచ్చి పాత చోటు పక్క రో మీద ఉండాలి.

సెర్చ్ బాక్స్‌లో టైప్ చేస్తుండగా డేటా రిఫ్రెష్. ఫోకస్ సెర్చ్ బాక్స్‌లోనే ఉండాలి.

ఐఎంఈకి మామూలు కీబోర్డు ప్రెస్‌లు పనికిరావు. క్రోమ్ డెవ్‌టూల్స్ ప్రొటోకాల్‌లో ఇన్‌పుట్ డాట్ ఐఎంఈసెట్‌కంపోజిషన్ ఉంది, దానితో కంపోజిషన్ మొదలుపెట్టి మధ్యలో పరీక్షించొచ్చు. కానీ ఆ కె అక్షరం బగ్గు అందులో బయటపడదు. అది విండోస్‌లో ఫొనెటిక్ పెట్టుకుని చేత్తో కొట్టి చూడాల్సిందే.

#24 వరసలవాడు

స్క్రోల్-ప్యాడింగ్ రెండువైపులా పెట్టాక మూడోది పోయింది. టెక్స్ట్ కాలమ్‌లు మూడింటికే ఎప్పుడూ ఉండే ఇన్‌పుట్ పెట్టాం, "కృష్ణ" సరిగా పడుతోంది. ఎంటర్ మోడ్ విడిగా చేశాం. ఫంక్షన్‌తో సెట్‌స్టేట్, రోలకి మెమో పెట్టాక 300కి 300 వస్తున్నాయి.

మిగిలింది ఒక్కటి. మధ్యమధ్యలో గ్రూప్ హెడింగ్ రోలున్నాయి, 14 కాలమ్‌లూ కలిపి ఒకే సెల్. 9వ కాలమ్‌లో కిందికి దిగుతూ ఆ హెడింగ్ దాటితే 1వ కాలమ్‌లో తేలుతోంది.

#25 ట్యాబ్_తాతయ్య

కలిసిన సెల్ మీదికి రాగానే కాలమ్ ఐడీని దాని మొదటి కాలమ్‌గా మార్చేస్తున్నారు. స్టేట్‌లో ఇంకో విలువ చేర్చండి, కోరిన కాలమ్. లెఫ్ట్, రైట్, హోమ్, ఎండ్, క్లిక్ మాత్రమే దాన్ని మార్చాలి. అప్, డౌన్, పేజ్‌డౌన్ దాన్ని చదవాలే తప్ప ముట్టుకోకూడదు. హెడింగ్ మీద ఉన్నంతసేపు యాక్టివ్ 1, కోరినది 9. దిగగానే మళ్లీ 9. ఆ హెడింగ్ రోకి మూసే తెరిచే పని ఏదీ లేకపోతే, దాని మీద అసలు ఆగకుండా దాటించెయ్యడం కూడా ఎంట్రీవాళ్లకి హాయిగానే ఉంటుంది. కానీ అప్పుడు చెవితో చదివేవాళ్లకి గ్రూపు మారిందని తెలిసే దారి ఉండదు, ఆగనివ్వండి.